బూడిద తూకం

లాకప్ గదిలో బెంచీ ఒక్కటే ఉంది. దాని మీద గరాటు అత్త కూర్చుంది. డిటెక్టివ్ నిలబడే ప్రశ్నలు మొదలుపెట్టింది. గోడ గడియారంలో ఒంటిగంటా పది.

"నిన్న మాస్టారు మీ ఇంటికి ఎన్నింటికి వచ్చారు?"

"పదకొండుకి. పదకొండున్నరకి వెళ్ళిపోయాడు."

"ఎందుకు వచ్చారు?"

"ఎందుకొస్తాడమ్మా? బూడిద తూచడానికి."

ఆమె అసలు పేరు పోలీసు కాగితాల్లో ఉంది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో దొంగసారా కాస్తోంది. నడుముకి ఎప్పుడూ ఒక రేకు గరాటు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె గరాటు అత్తే. అరెస్టు చేసినప్పుడు పోలీసులు గరాటు తీసేసుకున్నారు. ఆమె చెయ్యి మాటిమాటికీ నడుము దగ్గరికి వెళ్ళి, ఏమీ దొరక్క తిరిగి ఒళ్ళోకి వస్తోంది.

డిటెక్టివ్ చిన్న నోటుబుక్కు తెరిచింది. ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేసుకోవడం ఆమె అలవాటు. ఎడమ పక్క 'చెప్పింది', కుడి పక్క 'చూసింది'. ఆమె గొంతు మెత్తన. ఎదుటివాళ్ళు ముందుకు వంగి వినాల్సి వస్తుంది. వంగినప్పుడు వాళ్ళ కళ్ళు దగ్గరగా కనబడతాయి.

"మీ ఇంటికి ఆయన రావడం నిన్న ఎన్నోసారి?"

"ఏడోదో ఎనిమిదోదో. మొదటిసారి వచ్చినప్పుడు తలుపు మొహం మీద వేశాను. సారాని సర్కారు లెక్క పెడుతుందంట, లెక్కలో ఉన్నోళ్ళకి లైసెన్సు ఇస్తుందంట! నమ్మడానికి నాకేమైనా పిచ్చా? రోజుకి ఎన్ని సీసాలు దింపుతావు అని అడిగితే రెండు అన్నాను. ఆయన నవ్వి, పెరట్లోకి పోయి పొయ్యిలో బూడిద తూచి, 'అక్కా, ఇది ఇరవై రెండు సీసాల బూడిద' అన్నాడు. సరిగ్గా ఇరవై రెండే. ఆ రోజునుంచి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. దొంగ వ్యాపారాల లెక్కకి ప్రభుత్వం రోజుకూలీ మీద పెట్టుకున్న మనుషుల్లో ఒకడు. నిన్న మధ్యాహ్నం రెండుంపావుకి లెక్కల ఆఫీసులో తన బల్ల మీద తల వాల్చి చనిపోయి ఉన్నాడు. పక్కన సారా సీసా, గ్లాసు. చొక్కా అంతా సారా కంపు. ఆ సారా గరాటు అత్తదనీ, కల్తీదనీ కేసు. భర్త జన్మలో చుక్క ముట్టలేదని ఆయన భార్య ఏడుస్తూ వచ్చి డిటెక్టివ్‌ని పెట్టుకుంది.

"ఆయనకి మీరు సీసా ఇచ్చారా?"

"ఇవ్వను. ఇవ్వకూడదు, అది వాళ్ళ రూలు. శాంపిలు కావాలంటే వాళ్ళ బుడ్డిలోనే పట్టుకెళ్తారు. దాని మీద పేరుండదు, నంబరే. నాది నలభై ఏడు." ఆమె గొంతు తగ్గింది. "నా సారాతో మనిషి చస్తాడామ్మా? మొదట దిగే చెంబెడూ నేను పారబోస్తాను. కక్కుర్తి పడినోళ్ళు అది కూడా కలిపి అమ్ముతారు. ముప్పై ఏళ్ళలో ఒక్కడికి కళ్ళు మసకబారలేదు నా ఇంట్లో తాగి."

"లైసెన్సు మీకు అంత అవసరమా?"

గరాటు అత్త గోడవైపు తిరిగింది. అటు చూస్తూనే చెప్పింది. "మా పిల్ల నర్సు చదువుతోంది. కాలేజీ ఫారంలో తల్లి పని ఏంటని అడుగుతారు. ప్రతి ఏడూ అక్కడ ఒక గీత గీస్తుంది. ఒక్కసారి అక్కడ ఏదైనా రాసుకుంటే చూడాలని ఉంది."

డిటెక్టివ్ ఎడమ పక్క రాసుకుంది. అప్పుడే తలుపు కొట్టకుండా ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. పొడుగు మనిషి, చేతిలో జీపు తాళాలు గిరగిరా తిప్పుతూ ఉంటాడు.

"అయిందా మేడమ్ పాఠం? ఈవిడ పాట మాకు ఇరవై ఏళ్ళుగా కంఠతా వచ్చు."

"మీ పాట నాకు రాదు. చెప్పండి."

"చిన్న పాటే. మాస్టారు నిన్న పొద్దున చేతిసంచితో ఈవిడ ఇంటికి వెళ్ళాడు. సంచి లేకుండా ఆఫీసుకి వచ్చాడు. ఆఫీసు సూపర్‌వైజరు రెండూ చూశాడు. సంచిలో ఏదో ఉంది, దాని దగ్గర తగువు పడ్డారు. ఈవిడ వాళ్ళ శాంపిలు బుడ్డిలో కల్తీ సారా పోసి పంపింది. సాయంత్రానికి కోర్టులో హాజరు. అంతే."

"సంచి ఏమైంది?" డిటెక్టివ్ గరాటు అత్తని అడిగింది.

"నాకు తెలీదు."

మొట్టమొదటి అబద్ధం. ఆమె చెయ్యి ఈసారి నడుము దగ్గరికి వెళ్ళలేదు. ఒళ్ళోనే బిగుసుకుపోయింది. డిటెక్టివ్ కుడి పక్క రాసుకుంది: 'సంచి. చెయ్యి కదల్లేదు.'

ఒకటీ యాభైకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో డాక్టరు నాలుగే ముక్కలు చెప్పాడు. కడుపులో సారా లేదు. టీ ఉంది, టీలో పురుగుల మందు ఉంది. సారా చొక్కా మీదా, పెదాల మీదా పోసిందే. ప్రాణం పోయింది ఒంటిగంటకీ ఒకటిన్నరకీ మధ్య.

"ఇంకోటి కూడా చెప్పనా?" అన్నాడు డాక్టరు. "కల్తీ సారా తాగినవాడు అలా కూర్చున్నచోట పోడు. దానికి ఒక పూటో రోజో పడుతుంది. మీ ఇన్‌స్పెక్టరుకి ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇది తెలీకుండా ఎలా ఉందో నాకు అర్థం కాదు."

ఇన్‌స్పెక్టరు తాళాలు తిప్పడం ఆపాడు. స్టేషన్ ఆఫీసరు ఆ మాటలు రాయించుకున్నాడు. రెండూ పదికి గరాటు అత్త సంతకం పెట్టి, గరాటు తీసుకుని, నడుముకి కట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి డిటెక్టివ్ చెయ్యి పట్టుకుంది.

"చల్లగా ఉండు తల్లీ."

డిటెక్టివ్‌కి సిగ్గేసింది. పొగిడితే ఎటు చూడాలో ఆమెకి ఎప్పుడూ తెలీదు. "సంచి సంగతి నాతో చెప్పి వెళ్ళండి," అంది.

"సాయంత్రం ఐదు దాటాక చెప్తాను. నీ మీద ఒట్టు."

ఐదు అంటే లెక్క కాగితాలు అప్పజెప్పే గడువు. ఆ గడువు సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

లెక్కల ఆఫీసు అంటే రెండు గదులూ వెనక ఒక వరండా. రెండున్నరకి డిటెక్టివ్ అక్కడికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు జీపు ముందే వచ్చి ఆగి ఉంది. సూపర్‌వైజరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. యాభై దాటిన మనిషి. మడత నలగని జేబురుమాలు. బల్ల మీద స్టీలు ఫ్లాస్కు.

"ఎండన పడి వచ్చారు. టీ తీసుకుంటారా అండీ?"

"మధ్యాహ్నం పూట తాగను."

అతను తనకి ఒక కప్పు పోసుకుని తాగాడు. డిటెక్టివ్ అతను గుక్క మింగేదాకా చూసింది. అతనికి ఏమీ కాలేదు. అయినా కుడి పక్క 'ఫ్లాస్కు' అని రాసుకుంది.

"ఈ లెక్క ఎలా జరుగుతుందో చెప్పండి. నాకు తెలీదనుకోండి."

"ప్రతి ఇంటికీ రెండు కాగితాలండీ. తెల్ల కాగితం మీద నంబరు, సరుకు ఎంత అన్నది. పసుపు కాగితం మీద నంబరు, ఇల్లు, మనిషి పేరు. తెల్లవి ఎప్పటికప్పుడు పెద్దాఫీసుకి వెళ్ళిపోతాయి. పసుపువి కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెడతాం. ఆఖరి రోజున పెద్దాఫీసులోనే విప్పాలి. ఏ నంబరు ఎవరిదో అప్పటిదాకా మాస్టారికి తప్ప ఎవరికీ తెలీకూడదు. నాక్కూడా. ఆ మాట ఇచ్చాకే జనం తలుపులు తీశారు."

"ఆఖరి రోజు ఈరోజే."

"అవునండీ. కానీ పంపడానికి ఏముంది?" జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "నేను ఒంటిగంటకి భోజనానికి ఇంటికి వెళ్ళాను. రెండుంపావుకి వచ్చేసరికి మాస్టారు అలా ఉన్నాడు. వెనక వరండాలో బకెట్ నిండా బూడిద. రెండొందల పన్నెండు ఇళ్ళ కాగితాలూ తగలబెట్టేశాడు. తాగిన మైకంలో చేసి ఉంటాడు."

"వరండాలోంచి పొగ లేవడం ఎదురు మేడ మీది దర్జీ చూశాడటగా, ఎన్నింటికి?"

జవాబు ఇన్‌స్పెక్టరు చెప్పాడు. "ఒకటీ నలభై."

"ఒకటిన్నరకల్లా పోయిన మనిషి ఒకటీ నలభైకి కాగితాలు ఎలా తగలబెట్టాడు?"

సూపర్‌వైజరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాగితాలు లేకపోతే ఏమవుతుంది?" డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"ఏమవుతుందా? తెల్ల కాగితాల్లో సరుకు ఉంది, దాన్ని కాసేవాళ్ళు లేరు. ఓనర్లు లేని సరుకు కోటా మొత్తం టెండరుకి పోతుంది. టెండరు వేసే తాహతు ఉన్న కంపెనీ ఒక్కటే. ఈ ఆడవాళ్ళందరూ నిన్న దొంగలే, రేపూ దొంగలే. తేడా ఏంటంటే రేపటినుంచి వీళ్ళు దొంగిలించేది కంపెనీ వ్యాపారాన్ని. వీళ్ళని పట్టుకోమని నన్ను పంపేది కూడా ఆ కంపెనీయే."

"మీకు అది సంతోషమేగా? పని పోదు."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "చూడండి మేడమ్. దొంగసారాని లెక్కలో వేసి దేశం ఆదాయం ఎదిగిందని పైవాళ్ళు చప్పట్లు కొట్టుకుంటున్నారు. ఎంత పెద్ద అంకె చూపిస్తే బయట అంత అప్పు పుడుతుంది. ఎదిగింది దేశమా, సీసానా? ఇది నాకు నచ్చదు, ఎవరి ముందైనా అంటాను. నెలనెలా ఈ ఇళ్ళ దగ్గర మామూళ్ళు తీసుకున్నానని మీరంటారు. తీసుకున్నాను. కానీ ఆ ఇళ్ళలో ఎవర్నీ చంపలేదు."

"నిన్న ఒకావిడని చంపబోయారు. హత్య కేసు పెట్టి, కోర్టు చేతుల మీదుగా."

అతను పళ్ళు బిగించాడు. డిటెక్టివ్ వరండాలోకి నడిచింది.

ఇనప బకెట్ అంచుదాకా నల్లటి బూడిద. పక్కనే కిటికీ గూట్లో మాస్టారి తక్కెడ, వరసగా చిన్న పెద్ద రాళ్ళు. ఇంటింటికీ మోసుకు తిరిగిన తక్కెడ అది. తాళ్ళు రెండుచోట్ల తెగితే ముడేసి ఉన్నాయి.

ఆమె బకెట్ చేత్తో ఎత్తి చూసింది. దించి మళ్ళీ ఎత్తింది.

"రాయని పసుపు కాగితాలు ఉన్నాయా?"

సూపర్‌వైజరు కట్ట తెచ్చి ఇచ్చాడు. దళసరి కాగితం, నున్నగా ఉంది. డిటెక్టివ్ పది లెక్కపెట్టి, ఒక రేకు పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల గీసింది. అవి మెల్లగా, మొండిగా కాలాయి. తెల్లటి బరువైన బూడిద మిగిలింది. చల్లారాక తూచింది. పదిహేను గ్రాములు.

"ఏం చేస్తున్నారు మేడమ్, వంటా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మాస్టారి పని. పది కాగితాలకి పదిహేను. రెండొందల పన్నెండుకి ఎంత?"

"మూడొందల... పద్దెనిమిది."

ఆమె బకెట్‌లో బూడిదంతా ఒక గుడ్డలోకి వంచి తక్కెడలో పెట్టింది. రాళ్ళు తీసేస్తూ వచ్చింది. వంద రాయి కూడా తీసేసి చిన్న రాళ్ళు పెట్టాక గానీ తక్కెడ సమంగా నిలవలేదు. తొంభై గ్రాములు.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. ఈసారి వెటకారం లేదు. "బకెట్ నిండా ఉంది కదా?"

"నిండా ఉంది, బరువు లేదు. రంగు చూడండి. దళసరి కాగితం బూడిద తెల్లన. ఇది నల్లటి పొరలు. ఇలా కాలేది ఏ కాగితం?" బూడిదలో వేళ్ళు పెట్టి అడుగుదాకా వెదికింది. అడుగున నలిగి, కాలకుండా మిగిలిన వేలెడు ముక్క దొరికింది. వార్తాపత్రిక. గళ్ళనుడికట్టులో ఒక మూల. గళ్ళలో పెన్సిలుతో నింపిన నాలుగు అక్షరాలు.

"మాస్టారు రోజూ పూరించేవాడని భార్య చెప్పింది," అంది డిటెక్టివ్. లోపల సంతోషం ఎగిసింది. అది ఆమెకి అరుదు. గొంతు ఎప్పటికన్నా పెరిగింది. "మాస్టారికి ఎవరో కవరు విప్పి చూశారని తెలిసిపోయింది. కాగితాలు బయటికి తీసేసి, పైనా కిందా నాలుగు పసుపువి ఉంచి, మధ్యలో పాత పేపర్లు కుక్కి మళ్ళీ ముద్ర వేశాడు. కాల్చినవాడు తొందరలో విప్పకుండానే కాల్చాడు. రెండొందల పైచిలుకు కాగితాలు ఇంకా ఉన్నాయి. ఐదింటిలోపు దొరికితే చాలు."

"ఎంత మంచి మాట చెప్పారండీ!" అన్నాడు సూపర్‌వైజరు. "నేను పెద్దాఫీసుకి ఇప్పుడే కబురు చేస్తాను." ముందు గదిలోకి వెళ్ళాడు. మూడూ ఇరవై.

"ఇక నా పేరు కొట్టేస్తారా అనుమానితుల్లోంచి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంకా కొట్టలేదు. నిన్న మీరు ఎన్నింటికి గరాటు అత్తని పట్టుకున్నారు?"

"మూడింటికి."

"శవం రెండుంపావుకి దొరికింది. సీసా మీద పేరు లేదు. ముప్పావుగంటలో అది ఆవిడ సారా అని ఎలా తేల్చారు? వాసన చూసి చెప్పగలరా?"

"ఎందుకు చెప్పలేను? ఇరవై ఏళ్ళ..."

"చెప్పగలరా?"

అతను తాళాల వైపు చూసుకున్నాడు. "లేదు. అల్మారాలో శాంపిలు బుడ్లు వరసగా ఉన్నాయి. నలభై ఏడో బుడ్డి ఖాళీగా ఉంది. దాన్నే సీసాలోకి వంచుకుని తాగాడని అన్నారు."

"నలభై ఏడు గరాటు అత్త అని మీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? నంబర్ల సంగతి మాకు చెప్పరుగా. సూపర్‌వైజరే చెప్పాడు, నలభై ఏడంటే..." అతను ఆగిపోయాడు.

ఏ నంబరు ఎవరిదో మాస్టారికి తప్ప ఎవరికీ తెలీకూడదు. నాక్కూడా. సూపర్‌వైజరు అన్న ఆ మాట పావుతక్కువ మూడుకి డిటెక్టివ్ నోటుబుక్కులో ఎడమ పక్క ఎక్కింది.

ఇద్దరూ ఒకేసారి ముందు గదిలోకి వచ్చారు. కుర్చీ ఖాళీ. ఫోన్ ఉన్నచోటే ఉంది. బయట స్కూటర్ లేదు. బల్ల మీద ఫ్లాస్కు కూడా లేదు.

"ఎంతసేపయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తొమ్మిది నిమిషాలు. ఎక్కడికి పోతాడు?"

డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. చేతిసంచితో వెళ్ళాడు. సంచి లేకుండా వచ్చాడు. సూపర్‌వైజరు రెండూ చూశాడు. తను వరండాలో నిలబడి, గర్వంగా, కాగితాలు ఇంకా ఉన్నాయని అతని మొహం మీదే చెప్పింది. మిగిలిన లెక్క అతను తనకన్నా ముందే వేసుకున్నాడు: సంచి గరాటు అత్త ఇంట్లోనే ఉంది. ఇంకో సంగతి ఆమె గుండెలో రాయిలా పడింది. లాకప్‌లో ఉన్నంతసేపూ గరాటు అత్తకి ఏ ప్రమాదమూ లేదు. బయటికి తెచ్చింది తనే.

"ఆవిడ ఇంటికి ఎంతసేపు?"

"పెద్ద రోడ్డున ఐదు నిమిషాలు. మేం దాడికి వెళ్ళే దొడ్డిదారిన రెండు నిమిషాలు." ఇన్‌స్పెక్టరు అప్పటికే పరుగెత్తుతూ అన్నాడు. "ఆ దారి నాకు చీకట్లో కూడా తెలుసు. రండి!"

"జీపు స్టార్ట్ చెయ్యండి. ఫోన్ చేసి వస్తాను."

నోటుబుక్కులో నంబరు వెదికి తిప్పింది. నాలుగుసార్లు మోగాక ఒక అమ్మాయి తీసింది.

"అమ్మ ఉందా? నేను డిటెక్టివ్‌ని."

"ఆంటీ మీరా! అమ్మ మీ గురించే చెప్తోంది. ఇంటికొచ్చి స్నానం చేసి కొత్త చీర కట్టుకుంది. మీకో సంగతి తెలుసా? లైసెన్సు ఖాయం అయిపోయిందట! ఆఫీసు సారే స్వయంగా వచ్చారు. మాస్టారు దాచమని ఇచ్చిన సంచి ఉంది కదా, అది ఇస్తే ఐదింటిలోపు తనే పట్టుకెళ్తానన్నారు. అమ్మ తీసి ఇచ్చేసింది. ఫారంలో నేను ఏం రాయాలో కూడా చెప్పారు ఆంటీ, 'సారా ఉత్పత్తిదారు' అట..."

"నా మాట విను. అమ్మని ఫోన్ దగ్గరికి పిలువు. ఇప్పుడే."

"అమ్మా! ఫోన్!" ఆ పిల్ల గొంతు దూరంగా వెళ్ళి మళ్ళీ దగ్గరికి వచ్చింది. "ఒక్క నిమిషం ఆంటీ. సార్ ఫ్లాస్కులో టీ తెచ్చారు. ఇద్దరికీ పోస్తున్నారు."